డ్యూటీ దిగినంక బువ్వ

లక్డారం,
4 సెప్టెంబర్ 2024

సకల జనులకు, ముఖ్యముగా లక్డారం గ్రామ ప్రజలకు, కంపెనీ గేటు వాచ్‌మెన్లకు, నా ఎడమకాలి చెప్పు ఎత్తుకపోయిన నల్లకుక్కకు తెలియజేయునది ఏమనగా: పదో తరగతి తప్పినవారును, పంచర్ షాపు యజమానులును అయిన శ్రీ రాంచందర్ గారు నేటి నుండి ఫోను వాడుట మానుకొనినారు. ఇకపై వారి మాటలు పోస్టు ద్వారా మాత్రమే వెలువడును. చెప్పు తిరిగి తెచ్చిన కుక్కకు బిస్కట్ పుడా ఇనాము.

రవళి కోడలికి మామ దీవెనలు.

మానుకున్నది నేను కాదు బిడ్డా, మాన్పించింది మీ అమ్మ. ఊరి వాట్సాప్ గ్రూపులో “రేపు పొద్దుగాల కంపెనీ గేటు కాడ ప్రెషర్ కుక్కర్లు ఉచితం, ఆధార్ కార్డు తెచ్చుకోవలెను” అని ఒక ముక్క పెట్టిన. సగం ఊరు పోయి లైను కట్టింది. అందరికన్న ముందట నిలబడ్డది ఎవరనుకున్నవు? మా అరుణమ్మ అక్క. ఖాళీ చేతులతో వచ్చి నా ఫోను గుంజుకొని బియ్యం డబ్బాలో పాతిపెట్టింది. ఆమె ఫోనులో నీతో మాట్లాడుదామంటే స్పీకర్ పెట్టి పక్కనే కూర్చుంటది. మామాకోడళ్లు మాట్లాడుకునేది అంతా వింటే ఇంక మాట్లాడి ఏం లాభం? అందుకే ఈ ఉత్తరం.

నువ్వు పంపిన ఫారం నింపి ఇందులోనే పెడుతున్న. “విద్యార్థుల వ్యాపార దృక్పథంపై కుటుంబ నేపథ్యం, చదువుల ప్రభావం” అంట! మీ త్రినాథరావు సారు పెట్టిన పేరు చదివేసరికి నా చాయ్ చల్లారిపోయింది. “కుటుంబంలో ఎవరైనా వ్యాపారం చేసియున్నారా” అన్న కాడ మీ అమ్మ “లేదని రాయి” అన్నది. లేదని ఎట్ల రాస్తం? మీ బాపు తండ్రి జంగయ్య తాత సంగారెడ్డి పాత బస్టాండు కాడ గోళీసోడా కంపెనీ పెట్టిన సంగతి నీకు ఎవ్వరూ చెప్పలేదా? సీసాలు ఎడ్లబండి మీద కొండాపూర్ దాకా పోయేటివి. నువ్వు పుట్టకముందే పోయిండు గనుక నీకు తెల్వదు. అంతా వివరంగా రాసిన.

“మీ కుటుంబానికి సాహసించే స్వభావం ఉన్నదా” అన్న కాడ “రాంచందర్‌ను బామ్మర్దిగా చేసుకున్నరు” అని రాసిన. మార్కులు పడుతయి చూడు.

నీ మామ,
రాంచందర్


యూనివర్సిటీ హాస్టల్, హైదరాబాద్,
22 సెప్టెంబర్ 2024

మామకు నమస్కారాలు.

ఫారం అందింది. సోడా కంపెనీ సంగతి చదివి చాలా సంతోషించాను. బాపు ఎప్పుడూ చెప్పలేదేమిటి? మామూలుగానే మాట్లాడడు కదా అని ఊరుకున్నాను.

త్రినాథరావు సారు ఫారాలన్నీ చదివి క్లాసును రెండు బ్యాచ్‌లు చేశారు. ఇంట్లో వ్యాపార నేపథ్యం ఉన్నవాళ్లది పోటీ బ్యాచ్, లేనివాళ్లది అవగాహన బ్యాచ్. పోటీ బ్యాచ్ వాళ్లు సొంతంగా ఒక వ్యాపారం ఆలోచించి జడ్జీల ముందు చెప్పాలి. గెలిస్తే మొదలుపెట్టడానికి యూనివర్సిటీ సాయం చేస్తుంది. అవగాహన బ్యాచ్ వాళ్లకేమో గెలిచినవాళ్ల గురించి పాఠాలు చెబుతారట. తాత పుణ్యమా అని నేను పోటీ బ్యాచ్‌లో ఉన్నాను. నా రూమ్మేట్ సృజన అవగాహనలో పడింది. వాళ్లమ్మ సదాశివపేటలో కూరగాయల బండి నడుపుతుంది. అది వ్యాపారం కింద రాయాలని వాళ్లకు తోచనే లేదు. “మా అమ్మ పని చేస్తది” అని రాసిందట.

నాకు జోడీగా మహేంద్ర అనే అబ్బాయిని వేశారు. వాళ్ల నాన్నకు పటాన్‌చెరులో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ ఉంది. మహేంద్ర ఇదివరకే రెండు వ్యాపారాలు పెట్టి మూసేశాడు. ఒకటి గొడుగులు కిరాయికిచ్చే యాప్. ఆ ఏడు వానలు పడలేదట. ఆ మాట నవ్వుతూ చెబుతాడు.

మా వ్యాపారం ఆలోచన మాత్రం నాది. చిన్నప్పుడు పొద్దున నేను ఉప్మా తింటుంటే బాపు నా పక్కనే కూర్చొని అన్నం, పప్పు తినేవాడు. కంపెనీలో రాత్రి డ్యూటీ దిగి వచ్చిన బాపులాంటి వాళ్లకు అది పొద్దున కాదు, రాత్రి భోజనం. కంపెనీ గేట్ల ముందు బండ్లన్నీ ఇడ్లీ, దోశ, మిర్చి బజ్జీ. ఆ వేళకు వేడి అన్నం పెట్టేవాడు ఒక్కడూ లేడు. మనమే పెడితే?

ఈ మాట చెప్పగానే మహేంద్ర, “పొద్దున్నే అన్నం ఎవరు తింటారు?” అన్నాడు. వాళ్లింట్లో ఎవరూ తినరు కదా పాపం.

ఇట్లు,
రవళి


లక్డారం,
6 అక్టోబర్ 2024

రవళికి మామ దీవెనలు.

“తినేవాడు”, “సంతోషించాను” అని చదివి, టీవీలో వార్తలు చదివే ఆమె ఉత్తరం గాని తప్పిపోయి నాకు వచ్చిందా అని కవరు తిప్పి చూసిన. రెండేండ్లకే నాలుక ఇట్ల ఇస్త్రీ అయిందంటే, ఆ చదువు పూర్తయ్యేసరికి నన్ను “మామయ్య గారూ” అని పిలుస్తవేమో. జెర జాగ్రత్త.

నీ ఆలోచన మాత్రం బంగారం. నా షాపు గేటుకు ఎదురుగానే గదా, రోజూ చూస్తున్న. నైటోళ్లు బయటికి వచ్చి ఇడ్లీ బండి దిక్కు చూస్తరు, మొహం తిప్పుకుంటరు. నిన్న ఒడిశా పిలగాడు ఒకడు నాలుగు ఇడ్లీలు తిని “చాచా, పేట్ నహీ భరా” అని కడుపు కొట్టుకొని చూపించిండు. రాత్రంతా బస్తాలు మోసినోనికి ఇడ్లీ ఏం ఆనుతది?

మీ బాపు బాగనే ఉన్నడు. పొద్దుగాల దగ్గుకుంట వస్తడు, తింటడు, కిటికీకి చద్దరు కట్టుకొని పంటడు. మీ అమ్మ కుక్కర్ ముచ్చట ఇంకా మరువలేదు.

ఒక్కటి చెప్త విను. నేను కోళ్ల ఫారం పెట్టి ముంచుకున్నోన్ని, పంచర్లు వేసుకుంట బతుకుతున్నోన్ని. అయినా పొద్దున లేచి ఎవనికీ సలాం కొట్టను. మన రెండిండ్లలో గేటు లోపలికి పోయేటోళ్లే తప్ప గేటు బయట నిలబడి అమ్మినోళ్లు లేరు. నువ్వు అమ్ము.

నీ మామ,
రాంచందర్, ప్రొప్రయిటర్


హాస్టల్,
20 అక్టోబర్ 2024

మామా,

నీకు సిగ్గుందా?

దసరాకు ఇంటికి వచ్చిన గదా. నువ్వేమో కావాలని షాపుకు తాళం వేసి ఎటో పోయినవు. జడ్జీలకు చూపించడానికి తాత ఫొటో కావాలని ఆగమ్మ నాయినమ్మను అడిగిన. సోడా కంపెనీ ముందు దిగినది ఏదన్నా ఉందా అన్న. నాయినమ్మ నా మొహం చూసి, “సోడా కంపెనీనా? మీ తాత పటేల్ ఇంట్ల జీతగాడుగ ఉండె బిడ్డా. సోడా అమ్ముడు కాదు, తాగంగ గూడ నేను చూడలే” అన్నది. నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

వెనక్కి వచ్చి త్రినాథరావు సారు దగ్గర ఉన్నది ఉన్నట్టు చెప్పిన. సారు పెన్ను మూత తీసి పెట్టుకుంట కూర్చున్నడు. “ఫారాలు పైకి పోయినయమ్మా. ఇప్పుడు దిద్దితే నిన్ను అవగాహన బ్యాచ్‌కు పంపాలె. పంపమంటవా?” అన్నడు. నేను బయటికి వచ్చేసిన. ఆ రోజు నుంచి సృజనతో ఒక రూములో ఉండి ఆమె మొహం చూడలేకపోతున్న. నాకూ ఆమెకూ తేడా నువ్వు రాసిన అబద్ధమే మామా, ఇంకేం లేదు.

ఇగ అసలు ముచ్చట. పోటీలో మేం చివరి రౌండ్ దాకా వచ్చినం. అదే వారంలో నాకు క్యాంపస్‌లో ఒక బీమా కంపెనీ ఉద్యోగం వచ్చింది. చదువు అయిపోయినంక జూన్‌లో చేరాలె. రెండూ కుదరవు. చివరి రౌండ్‌కు పోవాలంటే ఉద్యోగం వదులుకున్నట్టు సంతకం పెట్టాలె, అది ఇక్కడి రూలు. ఈ నెలాఖరుకు ఏదో ఒకటి చెప్పాలె.

ఉద్యోగం సంగతి అమ్మకు ఫోనులో చెప్పిన, సంబురపడ్డది. బాపును అడగాలంటే నాకు నోరు రాదు. నేను ఫోను చేసేసరికి నిద్రలో ఉంటడు, లేకుంటే డ్యూటీకి తయారైతుంటడు. నువ్వే అడుగు. బాపు వద్దంటే ఉద్యోగంలో చేరుత. మనసులో ఏం పెట్టుకోను, నిజం చెప్తున్న.

ఈసారి కథలు వద్దు మామా. బాపు నోట్లో నుంచి వచ్చిన మాట వచ్చినట్టు రాయి.

రవళి


లక్డారం,
27 అక్టోబర్ 2024

రవళికి,

సోడా సంగతికి నన్ను ఎంతైనా తిట్టు, పడుత. ఈ ఉత్తరంలో నవ్వులాట లేదు.

ఇయ్యాల పొద్దుగాల మీ ఇంటికి పోయిన. మీ బాపు అప్పుడే కాళ్లుచేతులు కడుక్కొని పళ్లెం ముందు కూర్చున్నడు. అన్నం, చింతకాయ తొక్కు. నేను కూడా పీట వేసుకొని కూర్చొని, నీ ఉద్యోగం సంగతి, అన్నం బండి సంగతి రెండూ చెప్పిన. మీ అమ్మ బోరింగు కాడ ఉన్నది, వినలేదు.

బావ చెయ్యి పళ్లెంలో ఆగింది. తర్వాత మొహం మీద నవ్వు వచ్చింది. బావ నవ్వంగ చూసి ఎన్నాళ్లయిందో నీకు తెల్సు.

“చెయ్యనియ్యి రాంచందరూ,” అన్నడు. “డ్యూటీ దిగినంక గేటు కాడనే బువ్వ దొరుకుతది గదా.”

అంతే. మళ్ల తినుడు మొదలుపెట్టిండు.

మామ


హాస్టల్,
16 ఫిబ్రవరి 2025

మామకు దండాలు.

నీ మీద కోపం పోయిందని అనను గాని, ఆ ఉత్తరం మాత్రం మంచం పక్కన గోడకు అంటించుకున్న. ఉద్యోగం వద్దని సంతకం పెట్టేసిన. గెలిచినం మామా! గెలిచేదాకా రాయొద్దనుకొని ఇన్నాళ్లు ఊరుకున్న.

జడ్జీల ముందు సోడా కంపెనీ ఊసు ఎత్తలేదు. మహేంద్ర లెక్కలు చెప్పిండు, ఎవ్వరూ తల ఎత్తలేదు. నేను నిలబడి బాపు అన్న మాట అన్న. పళ్లెంలో చెయ్యి ఆగుడు గూడ చెప్పిన. ఒక జడ్జి కండ్లద్దాలు తీసి తుడుచుకున్నది. మహేంద్ర వాళ్ల నాన్న వెనక వరుసలో కూర్చున్నడు. అయిపోయినంక దగ్గరికి వచ్చి “ఆ మాటే మన బోర్డు” అన్నడు. “మన” అన్నడు మామా.

చదువు అయిపోంగనే మొదలుపెడతం. పోతిరెడ్డిపల్లిలో వాళ్ల నాన్న ఖాళీ షెడ్డు ఉంది, అక్కడ వంట. అన్నం వ్యానులో మన గేటుకు వస్తది. నేను షెడ్డు పక్క రూములోనే ఉంట.

అమ్మ ఫోనులో ముక్తసరిగా మాట్లాడుతున్నది. “నీ ఇష్టం” అని పెట్టేస్తది. చదివించింది గేటు కాడ అన్నం అమ్ముడుకా అని మనసులో ఉన్నట్టుంది. బాపు సరే అన్నడు గదా, ఆమె కూడా మెల్లగా దారికి వస్తది.

రవళి


లక్డారం,
2 జులై 2025

ప్రజలారా! పోతిరెడ్డిపల్లి నుండి వచ్చు వ్యాను నా షాపు ముందట నిలిపి హారన్ కొట్టుటను ఇందుమూలముగా నిషేధించడమైనది. డ్రైవర్ ఉత్తరాలు మోయుచున్నాడు గనుక ఈసారికి క్షమించబడినాడు.

రవళికి దీవెనలు.

బోర్డు చూసిన. ఎంత పెద్దది! “డ్యూటీ దిగినంక బువ్వ” అని ఎర్ర అక్షరాలు, పక్కన చేతులు కట్టుకొని మహేంద్ర బాబు ఫొటో. నీ ఫొటో ఎక్కడుందా అని వెనకకు పోయి గూడ చూసిన, వెనక తాడు కట్టిన్రు.

మొదటి వారం జనం విరగబడ్డరు. నా షాపు కాడ గాలి కొట్టేటోడు లేడు, అంతా అన్నం దగ్గరనే. రెండో వారం ఏమైందో నువ్వే చూసినవు. గిన్నెలకు గిన్నెలు మిగిలినయి, జంగయ్య తాత పేరు చెప్పుకొని మన బర్రెలు తిన్నయి. మొదటి వారం నైటు దిగినోళ్లు కిరాయి రూములల్ల ఉండే ఒడిశా, బీహారోళ్లు. వారం మారంగనే షిఫ్టులు మారినయి. ఇప్పుడు దిగేటోళ్లు కొండాపూర్ దిక్కు ఊర్లోళ్లు, గేటు దాటంగనే కంపెనీ బస్సు ఎక్కి ఇంట్లనే తింటరు. ఈ మారుడు నీకు తెల్వదా బిడ్డా? నేను రోజూ చూస్తున్న గాని, నీకు తెల్సే ఉంటదనుకున్న.

ఒక్క మాట అడుగుత, కోపం చేయకు. ఆ బీమా కంపెనీ ఉద్యోగం మళ్ల అడిగితే ఇస్తరా? ఊరికెనే అడుగుతున్న.

మామ


పోతిరెడ్డిపల్లి,
9 ఆగస్టు 2025

మామా,

ఇయ్యరు. ఆ కుర్చీలో వేరేవాళ్లు చేరిన్రు.

షిఫ్టులు వారం వారం మారుతయని నాకు నిజంగా తెల్వదు. మా బాపుది ఎప్పుడూ నైటే. అందుకే అందరిదీ గంతే అనుకున్న. నేను పుట్టి పెరిగిన ఇంట్లో చూసింది గదా, ఇంకెవర్నన్నా అడగాలని కూడా అనిపించలేదు. పోయిన నెల గేటు దగ్గర అన్నం పెడుతుంటే ఒక ఒడిశా ఆయనను అడిగిన, మా బాపుకు మాత్రం షిఫ్టు ఎందుకు మారదని. “మొగులయ్య భాయ్? వో తో ఖుద్ మాంగ్‌కే నైట్ లేతా హై,” అన్నడు. అందరి నైట్లు అడిగి తీసుకుంటడట. నైటుకు కొంచెం ఎక్కువ ఇస్తరు గదా. నా చదువు కోసమే అయి ఉంటది. ఇన్నేండ్లు ఒక్క మాట చెప్పలేదు.

ఇక్కడి సంగతి విను. అన్నం మిగిలినప్పుడు మహేంద్ర వాళ్ల నాన్న కొడుకు భుజం తట్టి “పర్వాలేదు, నేర్చుకున్నవ్” అన్నడు. నా దిక్కు తిరిగి “షిఫ్టుల సంగతి నీకు తెలియకపోవడమేందమ్మా, మీ నాన్న అక్కడే కదా” అన్నడు. మహేంద్ర మూడోసారి పడ్డడు, అది అనుభవం. నేను ఒక్కసారి పడ్డ, అది తప్పు. పోయిన వారం నుంచి నేను జీతానికి ఉన్న. వంట చూసుకునుడు, వంటోళ్ల హాజరు వేసుడు. గేటుకు గూడ పోనిస్తలేరు. రాత్రంతా పొయ్యిల ముందు, పొద్దుగాల తిని పంట. బాపు లెక్కనే నాదీ నైటే ఇప్పుడు. ఎవరి కింద పని చేయొద్దన్నవు గదా, నవ్వుకో.

అదంతా పోనీ. ఒక్కటి మాత్రం నాకు తిన్నది ఒంటబట్టనిస్తలేదు. మొదటి వారం నేను గేటు కాడ ఉన్నప్పుడు బాపు బయటికి వచ్చిండు. బోర్డు దిక్కు చూసిండు. నేను పళ్లెం పెట్టి ఎదురుపోయిన. “ఇంట్ల తింట బిడ్డా” అని రోడ్డు దాటి పోయిండు. ఇప్పటిదాకా ఒక్క రోజు మా దగ్గర తినలేదని డ్రైవర్ చెప్పిండు. గేటు కాడనే బువ్వ దొరుకుతదన్నది ఆయనే గదా మామా? నా బిడ్డ ఇట్ల అన్నం అమ్ముడేందని నామోషీనా? నలుగురి ముందు తల ఎత్తలేకపోతున్నడా?

17వ తారీకు ఆదివారం సెలవు అడిగిన. ఇంటికి వస్తున్న. బాపు ముందట కూర్చొని, నువ్వు అన్న మాట మీదనే గదా ఇదంతా చేసిన, ఇప్పుడు ఎందుకు మొహం తిప్పుకుంటున్నవు అని అడుగుత.

రవళి


లక్డారం,
12 ఆగస్టు 2025

రవళికి,

పైన “సకల జనులకు” అని రాసి కొట్టేసిన. మరక కనబడుతది, పట్టించుకోకు.

ఆదివారం నువ్వు బాపును అడగకముందే ఇది నీ చేతికి అందాలె. అందుకే వ్యానును ఆపి, డ్రైవర్‌కు చాయ్ చెప్పి, షాపులో కూర్చొని రాస్తున్న.

నిన్న పొద్దుగాల మీ బాపు డ్యూటీ దిగి వచ్చి బోర్డు కింద నిలబడ్డడు. కూడబలుక్కుంట చదివిండు. రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చిండు.

“ఈ మాట ఎవలన్నరు రాంచందరూ?”

“ఎవలో పెద్దమనిషి అన్నడట బావా.”

“ఆయనకు నైటు డ్యూటీ అంటే ఏందో తెల్వనట్టుంది,” అన్నడు. సైకిల్ ఎక్కి పోయిండు.

నామోషీ కాదు బిడ్డా. నీ మీద ఆయనకు కోపం ఏం లేదు. ఉద్యోగం నువ్వే వద్దనుకున్నవని ఆయన అనుకుంటున్నడు. బిడ్డ ఇష్టం, నేనెవర్ని అడ్డం పడేటందుకు అని ఊరుకున్నడు. మీ అమ్మ “నీ ఇష్టం” అని ఫోను పెట్టేసేది గూడ గందుకే. ఆయన ఏం కోరుకున్నడో ఆమెకు తెల్సు. నీకు గూడ తెల్సనుకుంటున్నది.

పోయిన అక్టోబర్‌లో నేను పోయింది నిజం. చింతకాయ తొక్కు నిజం. రెండు సంగతులూ చెప్పిన, అదీ నిజమే. ఆయనకు ఉద్యోగం అన్నదే చెవిన పడ్డది. చెయ్యి ఆగింది, నవ్వు వచ్చింది. “ఖాయమేనా?” అని రెండుసార్లు అడిగిండు. “బిడ్డ చేరినంక ఇగ నైటు మానేస్త. సూపర్‌వైజర్‌కు చెప్పి పెట్టిన. రాత్రి బువ్వ రాత్రి పూట తినాలె రాంచందరూ. మీ అక్క, మా అమ్మ, అందరం ఒక్కకాడ కూసోని. ఎన్నేండ్లాయెనో.” ఆయన అన్నది గది.

అది రాస్తే నువ్వు ఉద్యోగంలో చేరుతవని నాకు తెల్సు. ఆ గేటు లోపలికి పోయేటోళ్లను చూసి చూసి నా కండ్లు కాయలు కాసినయి. మన ఇంటి పిల్ల ఒక్కతి బయట నిలబడి దుకాణం పెట్టాలె, నేను రోడ్డుకు ఇవతల కూర్చొని చూడాలె అనుకున్న. కుక్కర్ల ముచ్చట రాసినంత అల్కగ రాసిన. నవ్వులాట లేదని ముందే రాసిన గనుక నువ్వు నమ్మినవు. ఇప్పుడు మీ బాపు రోజూ ఆ ఎర్ర అక్షరాల కిందికెల్లే దగ్గుకుంట ఇంటికి పోతున్నడు. చద్దరు కట్టుకొని పంటున్నడు.

ఆదివారం రా. ఆయనను ఏం అడగకు. పగలు లేపకు. పొద్దు గూకి డ్యూటీకి పోయేముందు నువ్వే పళ్లెం పెట్టి పక్కన కూర్చో. నన్ను పిలవకు.

బోర్డు మీది మాట మీ బాపుది కాదు. అందులో ఒక్క అక్షరం గూడ ఆయన నోట్లో నుంచి రాలేదు. మొత్తం నేను పుట్టించిన.

రాంచందర్